పదకొండేళ్ల పథ్యం

పంకజాక్షి టీచరు మధ్యాహ్నం క్యారియర్ మూత తీసిందంటే మూడు గదుల అవతల ఐదో తరగతి పిల్లలకు కూడా నోరూరేది. నేను పలమనేరు ఆడపిల్లల బడిలో టీచరుగా చేరిన మొదటి రోజే ఆ వాసన నన్ను పట్టి లాక్కెళ్లి ఆమె పక్కన కూర్చోబెట్టింది. అడుగు గిన్నెలో రాగి సంకటి, నడిమి గిన్నెలో చింతచిగురు పప్పు, పై గిన్నెలో మూడు ఊరగాయలు. మామిడి, నిమ్మ, చింతకాయ తొక్కు. అవి చాలవన్నట్టు కొంగు ముడిలో ఉప్పూ కారమూ వేరే. బడి వెనక ఉసిరిచెట్టు కాయలు పిల్లలకంటే ముందు ఆమెకే దొరికేవి.

"ఇంత పులుపు తింటే కడుపు ఏమైపోతుందక్కా?" అన్నాను నేను, కొత్తదాన్నని కూడా చూసుకోకుండా.

"నాకు ఇరవై నాలుగేండ్లు వచ్చేదాకా పులుపంటే ఎట్లుంటాదో తెలీదమ్మే. ఇప్పుడు తినొద్దంటే వింటానా?" అంది ఆమె, ముక్క చప్పరిస్తూ.

ఆ మాట పట్టుకుని నేను వదల్లేదు. వదిలే రకాన్ని కాదు లెండి. ఆరేళ్లు ఆమె పక్కన తింటూ, ఇవాళ ఒక ముక్క, పరీక్షలయ్యాక ఇంకో ముక్క చొప్పున రాబట్టిన కథ ఇది. ఆమె ఒక వరసలో చెప్పేది కాదు. పెళ్లి చెప్పి, తరవాత జ్వరం చెప్పి, మధ్యలో వంకాయ పులుసు ఎలా చేయాలో చెప్పేది. వరస నేను పెట్టాను.

ఆమె పుట్టింది చిత్తూరులో, గిరింపేటలో. తండ్రి దొరస్వామి పేరున్న నాటువైద్యుడు. మణికట్టు మీద మూడు వేళ్లు పెడితే చాలు, నిన్న ఏం తిన్నావో కూడా చెబుతాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. "నిన్న సద్దిలోకి వంకాయ తినినావు గదరా" అన్నాడంటే రోగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడు. గుడిపాల, యాదమరి, బంగారుపాళెం నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. శనివారం వస్తే వీధి వైపు తిన్నె మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదట.

ఆ తిన్నెకు రెండు కట్టుబాట్లున్నాయి. దొరస్వామి గురువు పెట్టినవి. ఒకటి, తాంబూలం తెచ్చి ముందు పెట్టి కూర్చున్న రోగి ఎవరైనా సరే, నాడి చూడనని వైద్యుడు అనకూడదు. చూశాక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అబద్ధం ఆడకూడదు. రెండోది రోగులకు. జబ్బు నయమై వెళ్లేవాళ్లు "పోయొస్తా" అనకూడదు. బంగారుపాళెం మునిరామయ్య అని ఒక రైతు, ఎప్పుడూ ఏదో ఒక నొప్పితో వచ్చేవాడు, ప్రతిసారీ మరిచిపోయి అనేవాడట.

"పోయొస్తా సామీ!"

"మళ్లా యాడికి రా వచ్చేది? నయమైనోడు 'పోతా ఉండా' అని సెప్పి పోవల్ల. పోయొస్తానంటే జబ్బును గూడా పిల్చుకోని వస్తావు" అని దొరస్వామి గదిమేవాడు. తిన్నె తిన్నెంతా నవ్వేది. అంత కఠినుడని పేరున్న మనిషికి అదొక్కటే సరసం.

పంకజానికి పదమూడో ఏట విషజ్వరం వచ్చింది. అదే వారం తల్లికీ వచ్చింది. తల్లి తొమ్మిదో రోజున పోయింది. కూతురు నలభై రోజులు మంచంలో ఉండి, లేచింది. దొరస్వామి ఊరందరితో ఒకటే మాట అన్నాడు. "పథ్యం తప్పింది, పోయింది. ఎవరో ఆమెకి చింతపండు చారు పోసినారు." ఆ ఎవరో ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి కూతురి పథ్యం ఆయన చేతిలోకి వెళ్లింది. నాటువైద్యంలో మండలం అంటే నలభై ఎనిమిది రోజులు. మందు తిన్నన్నాళ్లూ పథ్యం, ఆ తరవాత మళ్లీ అన్నాళ్లు మారుపథ్యం. అది ముగిసిననాడు వైద్యుడు తానే చెప్పి నువ్వుల నూనెతో తలంటు పోయిస్తాడు. ఆ తలంటు పడితేనే రోగి మళ్లీ మామూలు మనిషి. అది పడేదాకా రోగే, ఎంత బాగున్నా రోగే.

పంకజానికి ఆ తలంటు పడలేదు. మారుపథ్యం అయ్యేనాటికి ఆయన నాడి చూసి, "ఇంకా లోపల వేడి ఉండాది. ఇంకొక మండలం" అన్నాడు. అదయ్యాక ఇంకొకటి. బడి మానిపించాడు. వీధి గాలి తగలకూడదన్నాడు. పాత బియ్యం జావ, పెసరకట్టు, పొట్లకాయ, వేయించిన ఉప్పు. పొద్దున్నే ఆమె ఎడమ చెయ్యి చాపాలి, ఆయన కళ్లు మూసుకుని మూడు వేళ్లు పెట్టాలి, "పథ్యం నిలబడతా ఉండాది. ఇంకొక మండలం" అనాలి. దీపావళికి ఇంటిల్లిపాదీ నూనె తలలతో తిరుగుతుంటే ఈమె గడపకు అటువైపు నిలబడి వాసన చూసేదట. అలా పదకొండు దీపావళులు.

"మీకు అనుమానం రాలేదా అక్కా?" అన్నాను.

"యాడొస్తాది? నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. నిజంగానే జబ్బుందని నమ్మినా" అంది.

నిజమే మరి. పదకొండేళ్లు గదిలో కూర్చుని జావ తాగితే నాకు రాదా ఆయాసం?

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. వంట చేసే మేనత్త గురవమ్మ, దొరస్వామికి అక్క, చిన్నప్పుడే మొగుడు పోయి తమ్ముడి పంచన చేరింది. అన్న సుందరరాజు, ముప్ఫై ఏళ్లవాడు, కల్వంలో మందులు నూరేవాడు. అతనికి జబ్బేమీ లేదు, ధైర్యమే లేదు. నాయన దగ్గితే కల్వం ఆపేసేవాడు. చెల్లెలి మాట ఎత్తి ఎవరైనా "పెండ్లి చేయరా?" అంటే నాయన "రోగి" అనేవాడు, అన్న తలొంచుకునేవాడు, అంతటితో ఆ మాట చచ్చేది.

పంకజం గదికి పక్కసందు వైపు ఒక కిటికీ. ఐదు ఇనుప కమ్మీలు. ఏ నెలలో ఎండ ఏ రెండు కమ్మీల మధ్య నుంచి వస్తుందో ఆమె కళ్లు మూసుకుని చెప్పేదట. ఆ కిటికీ కింద కూర్చుని మందు పొట్లాల మీద పేర్లు రాయడం ఆమె పని. ముత్యాల్లాంటి రాత. నాలుగో ఫారం దాకా చదివిన చదువు అలా పొట్లాల మీదకు చేరింది.

యుద్ధం జరుగుతున్న రోజులు. రోగులు ఎక్కువయ్యారు, పథ్యం ఏమేం చేయాలో ప్రతివాడికీ నోటితో చెప్పలేక దొరస్వామి ఒక పట్టిక అచ్చు వేయించాలనుకున్నాడు. "తినకూడనివి" అని పైన, కింద వరసగా చింతపండు, వంకాయ, గుమ్మడికాయ, గోంగూర, మామిడికాయ... మొత్తం ఇరవై ఏడు. బజారువీధిలో చిన్న అచ్చాఫీసుకు ఇచ్చారు. కాగితం కరువు కాబట్టి పాత నోటీసుల వెనక వేసిస్తామన్నారు. ప్రూఫు పట్టుకుని వచ్చినవాడు గోవిందస్వామి. అక్షరాలు పేర్చే కంపోజిటరు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. గోళ్లలో సిరా, చెవి వెనక పెన్సిలు.

శనివారం, తిన్నె నిండా జనం. దొరస్వామికి తీరిక లేదు. ఆయనే అన్నాడు, "ఆ సందులో జన్నల కాడ మా అమ్మి ఉండాది. సూపించి దిద్దించుకోని పో" అని. రోగిష్టి పిల్లను ఎవడు చూస్తాడులే అన్న ధీమా.

గోవిందస్వామి కిటికీ కమ్మీల మధ్య నుంచి కాగితం ఇచ్చాడు. ఆమె రెండు తప్పులు దిద్ది వెనక్కి ఇచ్చింది. ఆ మరుసటి వారం మళ్లీ వచ్చాడు.

"దీంట్లో తప్పులేమీ లేవే?" అంది పంకజం.

"లేవు. నేనూ సూసినా."

"మరెందుకు తెచ్చినారు?"

"లేవని మీరు గూడా సెప్తే ధైర్నంగా ఉంటాదని."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుందట, నవ్వడం పథ్యంలో ఉందో లేదో తెలియక! నాకు ఇది చెబుతున్నప్పుడు కూడా అలాగే చెయ్యి పెట్టుకుంది.

ఆ తరవాత పట్టిక అచ్చయిపోయినా, మందు సీసాల చీటీలని ఒకసారి, కషాయం కాగితాలని ఒకసారి అతను వస్తూనే ఉన్నాడు. ఒకనాడు పట్టిక చూపించి అడిగాడు.

"ఇవి ఇరవై ఏడూ నా చేత్తో పేర్చినాను. వీటిల్లో మీరు ఏమేం తినినారు?"

"పదమూడేండ్లప్పుడు అన్నీ తినే ఉంటా. రుచి గుర్తు లేదు."

ఆ వచ్చే శనివారం, మామిడి పిందెలు రాలే కాలం, జేబులోంచి చిటికెన వేలంత పిందె తీసి, అంగవస్త్రంతో తుడిచి, చాకుతో చీల్చి, ఉప్పూ కారమూ అద్ది కమ్మీల మధ్య గట్టు మీద పెట్టాడు.

"నాకు గూడదు" అంది.

"తెలుసు. ఐదో వరసలో ఉండాది. నేనే గదా పేర్చింది." అతను వెళ్లిపోయాడు, ముక్క అక్కడే ఉంది.

ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. చీమ వచ్చేలోపల తిన్నది. తిని, మంచం మీద వెల్లకిలా పడుకుంది. చావడానికే. అమ్మ చారు తాగి పోయింది కదా, నేను కాయ తిని పోతున్నాను అనుకుంది. చేతులు పొట్ట మీద పెట్టుకుని జ్వరం కోసం ఎదురు చూసింది. మధ్యాహ్నం రెండయింది. మూడయింది. జ్వరం రాలేదు. దీపాలు పెట్టే వేళకు వచ్చింది ఏమిటో తెలుసా? ఆకలి! పదకొండేళ్లలో మొదటిసారి, మండిపోయే ఆకలి.

ఇక తెల్లవారి నాడి చూసే వేళ. అంతా బయటపడిపోతుందని అనుకుంటూనే ఆమె చెయ్యి చాపింది. పరాయివాళ్లు తిన్న వంకాయ కూడా పట్టేసే వేళ్లు కదా అవి. దొరస్వామి కళ్లు మూసుకున్నాడు. మూడు వేళ్లు పెట్టాడు.

"పథ్యం నిలబడతా ఉండాది" అన్నాడు. "ఇంకొక మండలం."

"అప్పుడు కూలిందమ్మే" అంది నాతో. "ఇల్లు గాదు. లోపల, నాలో. మా నాయనకి తెలీలేదా, తెలిసే సెప్పినాడా? రెండిట్లో ఏదైనా ఒకటే. నాకు జబ్బు లేదు."

జబ్బు లేదని తెలిశాక ఆ గది ఇంకా చిన్నదైపోయిందట. రోగి అనుకున్నన్నాళ్లూ అది గది. ఇప్పుడు బోను. తెలిసిన సంగతి ఎవరికి చెప్పాలి? చెబితే ఎవరు నమ్ముతారు? నయమైందని చెప్పాల్సిన నోరు జిల్లా మొత్తానికీ ఒక్కటే, ఆ నోరు నాయనది.

వంటింట్లో గురవమ్మత్తకు మాత్రం చెప్పింది. ఆమె గుండెలు బాదుకుంది, తరవాత గిన్నె కడిగినట్టు నటిస్తూ ఇంత వంకాయ పులుసు మూకుట్లో వదిలింది. రోజూ ఏదో ఒకటి. గోంగూర, గుమ్మడికాయ, చింతకాయ తొక్కు. రోజూ పొద్దున్నే చెయ్యి చాపడం, రోజూ "పథ్యం నిలబడతా ఉండాది". పట్టికలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తిని చూసింది. ముఖానికి రంగు వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది.

గోవిందస్వామి కిటికీ దగ్గర అడిగాడు. చుట్టు తిప్పి మాట్లాడే మనిషి కాదు.

"మాయమ్మతో సెప్పినా. మన కులమే, ఆ పేచీ లేదు. నీకిష్టమేనా?"

"ఇష్టమే" అంది.

అతని తల్లి నాగరత్నమ్మ మంచిదే, కానీ భయస్తురాలు. పమిట సర్దుకుని తిన్నె దగ్గరికే వచ్చి అడిగింది. దొరస్వామి గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు, అదే వచ్చిన చిక్కు.

"మా అమ్మి రోగి. రోగిని కోడలుగా పిల్చుకపోయి, రెండో నెల్లో నాకు శవాన్ని తెచ్చిస్తావా?"

"అట్లనొద్దు సామీ. నువ్వే తలంటి పోయించు. నయమని నీ నోటితో ఒక మాట సెప్పు. నాలుగు దినాల్లో తాళి కట్టిస్తా. నువ్వు సెప్పకుంటే నాకు ధైర్నం రాదు."

"నేను సెప్పను" అన్నాడు దొరస్వామి.

ఆ సాయంత్రమే కూతురి గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తల నిమిరాడు కూడా.

"అమ్మీ, ఆ జన్నల మూయిస్తా ఉండా. సందు గాలి మంచిది గాదు. నీకొకటి అయితే నేను బతకను."

"నాయనా, నాకు తలంటు ఎప్పుడు పోస్తావు?"

"పోస్తాలే. ఇంకొక మండలం పోనీ."

పలకలు తెచ్చి కిటికీకి కొట్టింది సుందరరాజు. బయట సందులో నిలబడి సుత్తి వేస్తుంటే, లోపల ఒక్కొక్క కమ్మీ మధ్య ఎండ ఆరిపోతూ వచ్చింది. చివరి పలక ముందు అన్న గొంతు వినిపించింది, గుసగుసగా.

"సిన్న మేకులే కొడతా ఉండా అమ్మీ. నాయనకి సెప్పొద్దు."

పాపం, అతను చేయగలిగిన తిరుగుబాటు అంతే. మేకులు చిన్నవైనా చీకటి చీకటే కదా. ఆ తరవాత వారం రోజులు ఆమె గదిలో పగలూ దీపమే. పొట్లాల మీద పేర్లు రాయడానికి కూడా.

ఆ వారంలోనే గురవమ్మత్త తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"మీయమ్మకి చారు పోసింది ఎవరో తెలుసునా?"

"నువ్వా అత్తా?"

"నేను గాదు. తొమ్మిదో దినం మీయమ్మ ఏడ్సింది. ఒక్క గుక్క సింతపండు సారు పోయండి, నాలుక సచ్చిపోయిందని. మీ నాయన నన్ను బయటికి పంపించి ఆయనే పోసినాడు. నేను జూసినా. పొద్దు గూకేలోగా ఆమె పోయింది. ఆమె ఎట్లన్నా పోయేదేమో, ఆ జ్వరం అట్లాంటిది. కానీ వాడు నమ్మినాడు, తానే సంపినానని. అందుకే నిన్నిట్ల పట్టుకోనుండాడు."

పంకజానికి కోపం రావాలి. రాలేదట. నాయన ఇంకా పెద్ద గోడలా కనిపించాడట. కోపం ఉన్న మనిషినైతే ఎదిరించవచ్చు, భయపడుతున్న మనిషిని ఏం చేస్తాం? ఈయన జన్మలో తలంటు పోయించడు, ఆ పిల్ల అక్కడే ముసలిదైపోవాలి. నాగరత్నమ్మ ఎన్నాళ్లని ఆగుతుంది? కొడుక్కి వేరే సంబంధం చూస్తోందని అప్పటికే కబురు.

ఆ శనివారం పొద్దున్న వంటింట్లోకి వచ్చింది.

"అత్తా, నాలుగు తమలపాకులు, రెండు వక్కలు ఇయ్యి."

"పథ్యంలో వక్క గూడదమ్మే."

"నమిలేదానికి గాదు."

గురవమ్మ ఆమె ముఖం చూసింది. ఆకులు కడిగి, తన పెళ్లినాటి ఇత్తడి తట్టలో పెట్టి ఇచ్చింది.

పంకజం పెరటి తలుపు తీసింది. పదకొండేళ్ల తరవాత సందులో కాలు పెట్టింది. చెప్పులు లేవు, ఎప్పుడో పదమూడేళ్లనాటి చెప్పులు ఎక్కడుంటాయి? పసిపిల్లల పాదాల్లాంటి పాదాలు, ఎండకు కాలిపోయాయి. సందులో తన కిటికీని మొదటిసారి బయట నుంచి చూసిందట. "ఇంతేనా అనిపించిందమ్మే. ఇంత సిన్నదా!" మలుపు తిరిగి, వీధిలోకి వచ్చి, అందరు రోగుల్లాగే ముందు వైపు నుంచి తిన్నె ఎక్కింది. వరసలో చివర మునిరామయ్య ఉన్నాడు, మోకాలి నొప్పితో. అతని పక్కన కూర్చుంది. ఆమె వెనక ఇంకొందరు వచ్చి చేరారు.

ఎవరూ గుర్తుపట్టలేదు. ఎలా పడతారు? పదకొండేళ్లుగా ఊళ్లో ఎవరూ ఆమెను చూడలేదు కదా.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు మునిరామయ్య.

"ఈ ఊరే."

"ఎప్పుడూ సూడలేదే. ఏం జబ్బు?"

"అది కనుక్కుందామనే వచ్చినా."

"కనుక్కుంటాడులే తల్లీ. సామి వేలు పెడితే దాగదు ఏదీ."

దొరస్వామి ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు. మునిరామయ్యకు తైలం రాసిచ్చి తలెత్తాడు. ఎదురుగా తట్టలో తాంబూలం, తట్ట వెనక కూతురు.

"లోపలికి పో" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"తాంబూలం పెట్టినా సామీ."

నాయనా అనలేదు. సామీ అంది. లోపల కల్వం చప్పుడు ఆగిపోయింది.

మునిరామయ్యకు జాలేసింది. "పెట్టింది గద సామీ, సూడండి పాపం. ఎండన పడి వచ్చినట్టుండాది."

ఇరవై మంది చూస్తున్నారు. ఇరవై మందికీ ఆ గురువు మాట కంఠతా వచ్చు, ఆయనే చెప్పి చెప్పి నేర్పించాడు. దొరస్వామి చెయ్యి చాపాడు. ఆమె ఎడమ చెయ్యి ఇచ్చింది. రోజూ ఇచ్చే చెయ్యే.

"ఏం తినినావు?" ప్రతి రోగినీ ముందు అడిగే మాట.

"మామిడికాయ. వంకాయ పులుసు. గోంగూర. గుమ్మడికాయ. సింతపండు సారు."

ఆఖరి మాట దగ్గర ఆయన వేళ్లు ఒకసారి ఎగిరాయట.

"ఎన్నాళ్లుగా?"

"నలభై దినాలుగా."

ఇక్కడ ఆమె ఇంకొక్క మాట అని ఉంటే చాలు. ఆ నలభై రోజులూ పొద్దున్నే మీరే నాడి పట్టి పథ్యం నిలబడుతోందన్నారు అని. అంటే ఆ తిన్నె ఆ రోజుతో ఖాళీ అయిపోయేది. ఇంకో మాట కూడా ఉంది, చారు మాట. రెండూ నాలుక చివరే ఉన్నాయి. రెండూ అనలేదు. చెయ్యి అలాగే పెట్టి కూర్చుంది, రోగి కూర్చున్నట్టు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపో. ఆయన వేళ్లు తడిసిపోయాయి. తన నాడి కాదు, ఆయన వేళ్లలోని నాడే తనకు తెలిసిందట, పరుగెత్తుతున్నట్టు.

"జబ్బు లేదు" అన్నాడు దొరస్వామి.

"లేదా! శానా సంతోషం తల్లీ!" మునిరామయ్య చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"అక్కా" అని లోపలికి కేకేశాడు దొరస్వామి. "నువ్వుల నూనె కాంచు. ఈమెకి తలంటు."

అమ్మికి అనలేదు. ఈమెకి అన్నాడు. తట్టలోంచి తమలపాకులు తీసి, మిగిలిన రోగుల ఆకులతో పాటు బుట్టలో వేశాడు. "తరవాత ఎవరు?" అన్నాడు.

గురవమ్మ ఏడుస్తూ తలంటు పోసింది. ఆ వారంలోనే నాగరత్నమ్మ మాట నిలబెట్టుకుంది. గుడిలో సుందరరాజు కన్యాదానం చేశాడు. దొరస్వామి గుడికి రాలేదు. తిన్నె మీదే ఉన్నాడు.

పెళ్లయ్యాక దంపతులిద్దరూ వెళ్లి కాళ్లకు మొక్కారు. గోవిందస్వామికి పలమనేరు అచ్చాఫీసులో పని కుదిరింది, బండి బయట నిలబడి ఉంది. పంకజం లేచి, ఏ ఆడపిల్లయినా అనే మాటే అనబోయింది.

"పోయొస్..."

దొరస్వామి చెయ్యి ఎత్తాడు. "అట్ల అనగూడదు. నయమై పోయేవాళ్లు పోతా ఉండామని సెప్పి పోవల్ల."

ఆమె "పోతా ఉండా నాయనా" అని చెప్పి బండి ఎక్కింది.

ఈ ముక్క చెప్పిననాడు పంకజాక్షి టీచరు క్యారియర్ మూత పెట్టేసింది. ఆరేళ్లలో ఆమె అన్నం మధ్యలో ఆపడం ఆ ఒక్కరోజే చూశాను.

నాలుగేళ్లు ఆ ఇంటికి వెళ్లలేదు. గది నుంచి బయటపడింది కానీ, పగలు నిద్రపోతే ఐదు కమ్మీలే కనిపించేవట. పొద్దున్నే లేవగానే ఎడమ చెయ్యి తనంతట తానే చాచుకునేదట. గోవిందస్వామి ఆ చేతిలో కాఫీ గ్లాసు పెట్టేవాడు. టీచరు ట్రైనింగుకు పంపిందీ అతనే.

తరవాత మన దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు ఆమెకు కూతురు పుట్టింది. పదో రోజున సుందరరాజు బస్సు దిగి వచ్చాడు, సంచిలో బాలింత లేహ్యం, దాంతో పాటు మడిచిన కాగితం ఒకటి. విప్పి చూస్తే గోవిందస్వామి పేర్చిన ఆ పట్టికే. పాత నోటీసు వెనక అచ్చు, "తినకూడనివి", కింద ఇరవై ఏడు. అందులో అన్నిటికంటే పైన ఉన్నది చింతపండు. దాని మీద సిరాతో ఒక గీత. వణికిన చేత్తో, రెండుసార్లు కొట్టేసిన గీత.

"నాయన ఏమన్నా సెప్పినాడా?" అంది అన్నను.

"ఏమీ సెప్పలేదు. కాయితం తడవకుండా పట్టకపో అన్నాడు."

"మరి మిగతా ఇరవై ఆరూ? పథ్యం చేశారా అక్కా?" అన్నాను నేను.

"యాడ జేసేది? అన్నీ తినేసినా" అంది ఆమె, వేళ్లు నాకుతూ.

నెల దాటగానే బిడ్డనెత్తుకుని చిత్తూరు బస్సెక్కింది. వీధి వైపు నుంచే తిన్నె ఎక్కింది, చేతిలో తాంబూలం లేకుండా. దొరస్వామి ముసలివాడైపోయాడు. రోగులు పలచబడ్డారు. బిడ్డను ఒళ్లో పెడితే, మణికట్టు జోలికి పోకుండా అరచెయ్యి మాత్రం పట్టుకుని చూశాడట. ఆ నలభై రోజుల సంగతి ఆమె అడగలేదు, ఆయన ఎత్తలేదు. పక్కసందు కిటికీకి పలకలు లేవు. చిన్న మేకులు కదా, ఊడదీయడం సుందరరాజుకు కష్టమేమీ అయి ఉండదు.

బస్సు వేళయింది. బిడ్డను భుజాన వేసుకుని గడప దగ్గర నిలబడి, ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క అక్షరం విడదీసి అంది.

"పోయొస్తా నాయనా."

ఆయన చెయ్యి ఎత్తలేదు.